పోలండ్ బాబిన్ లేసు మీద పరిశోధన: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వెతకాలి

పోలిష్ భాషలో లేసును "కొరొన్‌కా" అంటారని తెలిసి, ఆ మాట గూగుల్‌లో కొట్టాను. పేజీ నిండా జపమాల ప్రార్థనలు వచ్చాయి. సరే, లేసు అల్లే దారాలు చుట్టి ఉండే కొయ్య పుల్లల్ని, అంటే బాబిన్లను, ఏమంటారో చూసి "క్లొట్స్‌కి" అని కొట్టాను. ఈసారి పిల్లలు ఆడుకునే లెగో డబ్బాలు, వాటి పక్కనే కారు బ్రేక్ ప్యాడ్లు. ఒక సాయంత్రం మొత్తం అలా పోయింది.

తప్పు నాదే. కొరొన్‌కా అంటే అసలు అర్థం చిన్న కిరీటం. క్యాథలిక్కులు పూసల మాలతో చేసే ఒక ప్రార్థనకూ అదే పేరు. క్లొట్స్‌కి అంటే కొయ్య ముక్కలు. ఆట దిమ్మలైనా, బ్రేక్ ప్యాడ్లైనా, లేసు బాబిన్లైనా వాళ్ళకు అన్నీ క్లొట్స్‌కినే. రెండు మాటలూ కలిపి "కొరొన్‌కా క్లొట్స్‌కొవా" అని కోట్స్ మధ్య పెట్టి వెతికితే గానీ అసలు సరుకు బయటపడదు. మీకు ఇలాంటి సాయంత్రాలు కొన్నయినా మిగలాలని ఇది రాస్తున్నాను. టెక్స్‌టైల్ డిజైన్ చదువుతున్నవాళ్ళు, చేతిపనుల మీద ఇష్టం ఉన్నవాళ్ళు, చదువుకోసం పోలండ్ వెళ్ళి శని ఆదివారాల్లో ఏం చేయాలో తోచనివాళ్ళు, ఎవరైనా ఈ దారిలో వెళ్ళొచ్చు.

మా పెద్దమ్మది నరసాపురం పక్క పల్లె. ఆవిడ చేతిలో క్రోషె సూది లేకుండా ఉండడం నేను చూసింది తక్కువ. అందుకని నాకు లేసు అంటే క్రోషె లేసే. బాబిన్ లేసు మొదటిసారి వీడియోలో చూసినప్పుడు ఇది నేతా, జడ అల్లడమా, లేసా అని తికమకపడ్డాను.

ముందు నాలుగు దారాలు పట్టుకోండి

పుస్తకాలు, వెబ్‌సైట్లు తర్వాత. ముందు ఈ పని చేయండి, అరగంట చాలు. నాలుగు లావుపాటి దారాలు తీసుకోండి, రెండేసి ఒక రంగు అయితే మంచిది. నాలుగింటినీ కలిపి ముడేసి, గట్టి దిండుకు గుండుసూదితో గుచ్చండి. ప్రతి దారం చివరా ఒక పెన్సిల్ కట్టండి. ఆ పెన్సిలే మీ బాబిన్. అసలు బాబిన్ కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది: వేలెడు పొడవున్న కొయ్య పుల్ల, మెడ దగ్గర దారం చుట్టి ఉంటుంది. కుట్టుమిషన్‌లో పెట్టే బాబిన్‌తో పొరపడకండి. మన నేతగాళ్ళ కండెకు దీన్ని దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఇప్పుడు ఎడమ నుంచి కుడికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకోండి. అంకె దారానిది కాదు, చోటుది. దారం కదిలినా అంకె అక్కడే ఉంటుంది. ఈ పని మొత్తంలో కదలికలు రెండే. మొదటిది దాటు: రెండో చోట ఉన్న దారాన్ని మూడో దాని మీదుగా కుడికి వేయాలి. రెండోది మెలి: రెండో దాన్ని ఒకటో దాని మీదుగా, నాలుగో దాన్ని మూడో దాని మీదుగా, రెండూ ఎడమకి వేయాలి. దాటు, మెలి, దాటు, మెలి అని చేసుకుంటూ పోండి. పది నిమిషాల్లో నాలుగు పేటల జడ తయారవుతుంది. లేసులో రెండు పూల మధ్య సన్నటి కాడలాగా కనిపించేది ఈ జడే.

దాటు, మెలి, దాటు అని ఆపితే అది బట్టలాంటి అల్లిక. దీన్ని పోలిష్‌లో "ప్వుచెంకొ" అంటారు, చిన్న నారబట్ట అని అర్థం. జతలు పెరిగితే ఒక జత పేకలాగా అటూ ఇటూ తిరుగుతుంది, మిగతా జతలు పడుగులాగా కిందికి వేలాడతాయి. మగ్గం ఉండదు, పన్నె ఉండదు. అల్లిక జారిపోకుండా ప్రతి మలుపులోనూ ఒక గుండుసూది గుచ్చుతారు. గీసిన నమూనా కాగితం కింద ఉంటుంది, సూదులు ఎక్కడ పడాలో అది చెబుతుంది. పని అయ్యాక సూదులన్నీ పీకేస్తే మిగిలేదే లేసు. పోలండ్‌లో ఈ పనిని పొడవాటి గుండ్రటి దిండు మీద చేస్తారు, దాన్ని "వావెక్" అంటారు. లేసు పెరిగే కొద్దీ దిండు తిప్పుకుంటూ పోతారు కాబట్టి పొడుగు పట్టీలు ఆపకుండా అల్లొచ్చు.

ఈ అరగంట దాటేసి ముందుకు పోకండి. మ్యూజియం ఫొటోలో అల్లిక చూసి ఇది ఏ రకమో చదవాలంటే చేతికి ముందు తెలిసి ఉండాలి. నేను మూడు నెలలు ఫొటోలు చూశాక గానీ దారం పట్టుకోలేదు. ఆ మూడు నెలల్లో రాసుకున్న నోట్సులో సగం చింపేశాను.

లేసు రకం గుర్తుపట్టడం

నగల షాపులో వాడే పదిరెట్ల భూతద్దం కొనుక్కోండి. క్రోషె లేసులో దారం ఉచ్చులుగా ఒకదాంట్లోంచి ఒకటి దూరుతుంది, మన నరసాపురం లేసు లాగా. సూది లేసులో కాజా కుట్టు వరసలు కనిపిస్తాయి. బాబిన్ లేసులో దారాలు ఒకదాని మీదుగా ఒకటి వెళ్తాయి, ఒకదాని ఉచ్చులోంచి ఇంకోటి దూరదు. ఇంతవరకూ సులువే.

కష్టం మిషన్ లేసుతో వస్తుంది. జర్మనీలో ఇప్పటి వుప్పర్టాల్ నగరంలో కలిసిపోయిన బార్మెన్ అనే ఊరి పేరుతో ఒక మిషన్ ఉంది. దాంట్లో బాబిన్లు గుండ్రంగా తిరుగుతూ నిజంగానే దాటు, మెలి వేస్తాయి. అంటే అల్లిక నిర్మాణం చేతిపనికీ దీనికీ ఒకటే. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. బొబోవా అనేది పోలండ్‌లో బాబిన్ లేసుకు పేరున్న ఊరు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు "నూరేళ్ళ నాటి చేతి లేసు, బొబోవా" అని పెడితే నాలుగు వేలు పోసి తెప్పించాను. వచ్చింది మీటరున్నర తిన్నటి పట్టీ. మొదటి పువ్వు నుంచి చివరి పువ్వు దాకా ఒక్క దారం బిగువు కూడా మారలేదు. చేత్తో అల్లేవాళ్ళు మధ్యలో లేచి అన్నం తిని వస్తారు, మళ్ళీ కూచున్నాక చేతి బిగువు కాస్తయినా మారుతుంది. ఇందులో అలాంటి జాడే లేదు. అది బార్మెన్ మిషన్ సరుకు.

ఒక చిట్కా చెబుతాను. పోలండ్ చేతి లేసులో పట్టీ రకం ఎక్కువ. సన్నటి పట్టీ ఒకటి వాగులాగా వంపులు తిరుగుతూ పోయి, తన పక్కనుంచే మళ్ళీ వెళ్ళేటప్పుడు తనతోనే అతుక్కుంటుంది. ఆ అతుకు వేయడానికి సన్నటి కొక్కెంతో ఒక దారాన్ని పాత అంచులోంచి పైకి లాగి, ఆ ఉచ్చులోంచి రెండో బాబిన్ దూర్చి బిగిస్తారు. బాబిన్ లేసులో ఇలా ఉచ్చులోంచి దారం దూరేది ఈ అతుకుల దగ్గరే. భూతద్దం పెట్టి ఆ అతుకుల కోసం వెతకండి. అతుకులున్న వంపుల పట్టీ బార్మెన్ మిషన్ పని కాదు. అతుకులు లేనంత మాత్రాన మిషన్‌దని మాత్రం తేల్చేయకండి, తిన్నటి అంచులకు అతుకు అవసరమే రాదు.

"పోలిష్ లేసు" అని వెతకొద్దు

ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: దేశం పేరుతో వెతకొద్దు, ఊరి పేరుతో వెతకండి.

కారణం రెండు రకాలు. మొదటిది ఇప్పటి ఇంటర్నెట్‌ది. పోలండ్ లేసు అని కొడితే ముందు వచ్చేది కొన్యాకుఫ్ అనే కొండ ఊరు, చెక్, స్లొవాక్ సరిహద్దుల దగ్గర ఉంటుంది. అక్కడిది క్రోషె లేసు. పెళ్ళయిన ఆడవాళ్ళు పెట్టుకునే టోపీల దగ్గర మొదలై, బల్లగుడ్డలై, 2000 తర్వాత ఆడవాళ్ళ లోదుస్తుల దాకా వచ్చి, ఊళ్ళో పెద్ద గొడవే రేగింది. ఆ గొడవతో ప్రపంచమంతా పేరొచ్చింది. అందమైన పనే, నరసాపురం వాళ్ళు చూస్తే వెంటనే సొంతం చేసుకుంటారు. కానీ మీరు వెతికే బాబిన్ లేసు అది కాదు. దానికి కావలసిన ఊరు బొబోవా, పోలండ్ దక్షిణాన మవొపొల్‌స్కా ప్రాంతంలో గొర్లిత్సె జిల్లాలో ఉన్న చిన్న పట్నం.

ఈ పట్నం పేరు కొట్టినా ఇంకో చిక్కుంది. బొబోవ్ అనే పేరుతో హసిదీ యూదుల పెద్ద గురుపరంపర ఉంది, దాని పుట్టిల్లు ఈ ఊరే. ఇంగ్లీషులో వెతికితే లేసు కంటే ముందు వాళ్ళ చరిత్రే వస్తుంది. చదవండి, నష్టం లేదు. 18వ శతాబ్దంలో కట్టిన అక్కడి సినగాగులో యుద్ధం తర్వాత చాలా ఏళ్ళు నేతపని బడి నడిచింది. ఊరి యూదుల్ని నాజీలు చంపేశాక ఖాళీ అయిన గుడి అది. బొబోవా గురించి రాసేవాళ్ళు లేసు దగ్గరే ఆగిపోతే ఊరి కథ సగమే చెప్పినట్టు.

రెండో కారణం చరిత్రది, ఇదే అసలైనది. 1795 నుంచి 1918 దాకా పటంలో పోలండ్ అనే స్వతంత్ర దేశమే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. బొబోవా ఉన్న నేల 1772లోనే ఆస్ట్రియా చేతికి వెళ్ళింది, ఆ రాష్ట్రం పేరు గలీసియా. అంటే ఈ లేసు బాగా ఎదిగిన రోజుల కాగితాలు పోలిష్‌తో పాటు జర్మన్‌లోనూ ఉంటాయి. కొన్ని క్రాకుఫ్‌లో, కొన్ని వియన్నాలో ఉంటాయి. ఇంకొన్ని గలీసియా రాజధానిగా ఉండి ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వివ్‌లో ఉంటాయి. ల్వివ్‌నే పోలిష్‌లో ల్వూఫ్ అనీ, జర్మన్‌లో లెంబర్గ్ అనీ రాస్తారు. మూడు పేర్లతోనూ వెతకండి. నిజాం కాలం నాటి తెలంగాణ పల్లె రికార్డు కోసం ఉర్దూ, పారసీ కాగితాలు తిరగేసినవాళ్ళకు ఈ బాధ కొత్తేం కాదు.

కథల్ని పక్కన పెట్టి బడిని పట్టుకోండి

ఎవర్ని అడిగినా ముందు బోనా రాణి కథ చెబుతారు. బోనా స్ఫోర్జా ఇటలీ ఆడపడుచు, 1518లో పోలండ్ రాజు మొదటి జిగ్మంట్‌ను పెళ్ళాడి వచ్చింది. లేసు ఆవిడే తెచ్చిందంటారు. పులుసులో వేసే క్యారెట్, సెలెరీ, లీక్ కూడా ఆవిడే తెచ్చిందంటారు. ఆ కూరల కట్టకు పోలిష్‌లో ఇప్పటికీ "ఇటలీ సరుకు" అన్న అర్థం వచ్చే పేరే ఉంది. మన దగ్గర ప్రతి పాత చెరువునూ కృష్ణదేవరాయలే తవ్వించినట్టు.

ఇలాంటి కథ ఎదురైతే తోసేయకండి, తేదీల పక్కన పెట్టి చూడండి. బాబిన్ లేసు నమూనాల తొలి పుస్తకాల్లో ఒకటి 1557లో వెనిస్‌లో అచ్చయింది. 1561లో జ్యూరిక్‌లో అచ్చయిన ఇంకో నమూనాల పుస్తకం, ఈ పనిని 1536లో వెనిస్ వర్తకులు తమ ఊరికి తెచ్చారని రాసింది. అంటే 1518లో పెళ్ళికూతురి పెట్టెలో బాబిన్లు ఉన్నాయనడం కష్టం. అయితే ఆవిడ 1556 దాకా పోలండ్‌లోనే ఉంది, ఇటలీతో రాకపోకలూ ఉన్నాయి. కాబట్టి ఆస్థానంలో ఇటలీ లేసు మోజు పెరగడంలో ఆవిడ చెయ్యి ఉండొచ్చు. "తెచ్చింది" అని రాయకండి, "తెచ్చిందని చెబుతారు" అని రాసి ఈ తేదీలు పక్కన పెట్టండి.

కాగితం మీద గట్టిగా దొరికేది బడుల చరిత్ర. 1880ల మొదట్లో పోలండ్ దక్షిణాన తత్రా కొండల దగ్గరున్న జకొపానెలో లేసు బడి ఒకటి మొదలైంది, దానికి నటి హెలెనా మొద్జెయెఫ్‌స్కా అండగా నిలిచింది. అమెరికా రంగస్థలం మీద కూడా పేరు తెచ్చుకున్న నటి ఆవిడ. బొబోవాలో 1899లో బడి పెట్టారు. వియన్నాలో అంతకుముందే, 1879లో, లేసు టీచర్లకు కేంద్ర శిక్షణ మొదలైంది. అక్కడ నేర్చుకున్నవాళ్ళు సామ్రాజ్యం నలుమూలలా బడుల్లో చేరారు, నమూనాలూ వాళ్ళ వెంటే వెళ్ళాయి. ఇప్పుడు స్లొవేనియాలో ఉన్న ఇద్రియా ఊళ్ళో 1876 నాటి బడి కూడా అదే సామ్రాజ్యం నీడలోదే. అందుకే బొబోవా నమూనా ఒకటి దొరికితే "ఇది ఈ ఊరి సొంత సంప్రదాయం" అని సంబరపడే ముందు, ఇద్రియా లేసుతోనూ, వియన్నా అప్లయిడ్ ఆర్ట్స్ మ్యూజియం సేకరణతోనూ పోల్చి చూడండి.

ఇక్కడ ఒక మాట దగ్గర అనువాద యాప్ మిమ్మల్ని మోసం చేస్తుంది. ఆ బడుల పేర్లలో "క్రయోవా" అని ఉంటుంది. యాప్ దాన్ని "జాతీయ" అని అనువదిస్తుంది, ఎందుకంటే ఇప్పటి పోలిష్‌లో ఆ అర్థం ఉంది. కానీ గలీసియాలో ఆ రోజుల్లో క్రయోవా అంటే ఆ రాష్ట్రానిది అని, గలీసియా ప్రభుత్వానిది అని. దేశమే లేనప్పుడు జాతీయ బడి ఎక్కడిది? "జాతీయ లేసు బడి" అని రాసిన వ్యాసం కనిపిస్తే, ఆ రాసినాయన మూలం చూడలేదని అనుమానించండి.

పోలిష్ మాటల విభక్తులు

ఇది కాస్త విసుగు, కానీ తెలుగువాళ్ళకు ఇంగ్లీషువాళ్ళకంటే సులువుగా ఎక్కుతుంది. మన "ఇల్లు" విభక్తి చేరేసరికి "ఇంటి" అయిపోతుంది కదా, "ఇల్లు" అని వెతికితే "ఇంటికి" దొరకదు. పోలిష్‌లో ప్రతి నామవాచకమూ అంతే, ఏడు విభక్తులు. కొరొన్‌కా అనేది కొరొన్‌కి అవుతుంది, "లేసులో" అనాల్సి వస్తే కొరొన్‌ట్సె అవుతుంది, "లేసుల యొక్క" అంటే కొరొనెక్. బొబోవా కూడా "బొబోవాలో" అనేసరికి బొబోవెయ్ అయిపోతుంది. చాలా లైబ్రరీ వెబ్‌సైట్లు ఈ తేడాలు పట్టించుకోవు, మీరు కొట్టిన అక్షరాలే వెతుకుతాయి. నక్షత్రం గుర్తుతో (*) సగం మాట వెతికే వీలున్న చోట "కొరొన్‌క్" వరకూ కొట్టి ఆ గుర్తు పెట్టండి. అయినా కొరొన్‌ట్సె, కొరొనెక్ జారిపోతాయి, వాటిని విడిగా కొట్టాలి.

ఒక కాగితం మీద ఈ మాటలన్నీ రాసి గోడకు అంటించుకోండి. లేసు అల్లే ఆవిడ "కొరొన్‌కర్‌కా" లేదా "కొరొన్‌చర్‌కా". లేసు పని "కొరొన్‌కర్‌స్త్వొ". క్రోషె లేసు "షిదెవ్‌కొవా", సూది లేసు "ఇగ్‌వొవా" — ఇవి కనిపిస్తే మీది కాదని పక్కకు జరగండి. రాతలో సీ అక్షరాన్ని ట్స్ అనీ, డబ్ల్యూను వ అనీ, అడ్డగీత ఉన్న ఎల్‌ను ఇంగ్లీషు డబ్ల్యూ లాగానూ పలకాలి. ఫోన్‌లో పోలిష్ కీబోర్డు పెట్టుకోండి. అడ్డగీత లేకుండా మామూలు ఎల్ కొడితే కొన్ని చోట్ల ఏమీ రాదు.

ఎక్కడ వెతకాలి

ఇంట్లో కూర్చుని చేసే పని ముందు పూర్తి చేయండి. పోలండ్ జాతీయ గ్రంథాలయం డిజిటల్ సేకరణ పేరు పొలొనా. దాంట్లో పాత పుస్తకాలు, పోస్టుకార్డులు, నమూనాల షీట్లు ఉచితంగా చూడొచ్చు. ప్రాంతాల డిజిటల్ లైబ్రరీలన్నిటినీ ఒకేసారి వెతికే సమాఖ్య సైటు ఒకటుంది, ఎఫ్‌బీసీ అంటారు. మవొపొల్‌స్కా డిజిటల్ లైబ్రరీ, క్రాకుఫ్ యాగియెలోనియన్ యూనివర్సిటీ డిజిటల్ లైబ్రరీ దాని ద్వారానే దొరుకుతాయి. "షుకాయ్ వ్ అర్ఖివాఖ్" అనేది ప్రభుత్వ అభిలేఖాల వెతుకుడు సైటు. పాత ఫొటోలకు జాతీయ డిజిటల్ ఆర్కైవ్, పొట్టిగా నాట్స్, చూడండి. రెండు యుద్ధాల మధ్య క్రాకుఫ్‌లో నడిచిన ఒక పెద్ద దినపత్రిక ఫొటోల భాండాగారం అంతా అక్కడుంది. ఆస్ట్రియా కాలం పత్రికలకు వియన్నాలో ఉన్న ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయం వాళ్ళ "అన్నొ".

జర్మన్ చేతిరాత కాగితాలు వస్తే భయపడొద్దు. ఆ పాత కుర్రెంట్ లిపి చూస్తే రంపం పళ్ళలాగా ఉంటుంది, ట్రాన్స్‌క్రిబస్ లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని చాలావరకు చదివి పెడుతుంది. చదివినదాన్ని ఒక జర్మన్ తెలిసిన మనిషికి చూపించకుండా మాత్రం వాడకండి.

బడి మొదలవకముందు ఏముందో తెలియాలంటే చర్చి కాగితాలే దిక్కు. లేసు ఎక్కువగా వెళ్ళింది బలిపీఠం గుడ్డల అంచులకు, పూజారి తొడిగే తెల్ల అంగీ అంచులకు. బిషప్ తనిఖీకి వచ్చినప్పుడు చర్చిలో ఉన్న వస్తువుల జాబితా రాసేవారు, ఎక్కువగా లాటిన్‌లో. మన దేవాలయాల నగల జాబితాల లాంటివే. 19వ శతాబ్దపు పల్లె బట్టల వర్ణనలకు ఓస్కార్ కోల్బెర్గ్ సంపుటాలు తిరగేయండి. ఊరూరా తిరిగి పాటలు, ఆచారాలు, దుస్తులు రాసి పెట్టుకున్న మనిషి ఆయన, 1890లో పోయాడు.

1949 తర్వాతి లేసుకు ఇంకో దారి. ఆ ఏడు కమ్యూనిస్టు ప్రభుత్వం జానపద కళల కోసం "త్సెపెలియా" అనే సంస్థ పెట్టింది. మన లేపాక్షి దుకాణాల్ని తలుచుకుంటే పోలిక అందుతుంది. బొబోవా లేసు సహకార సంఘం సరుకు దాని దుకాణాల ద్వారా అమ్ముడుపోయింది. మీకు దొరికిన లేసుకు త్సెపెలియా చీటీ ఉంటే అది 1949కి ముందుది కాదు, వెతకాల్సిన కాలం ఒక్కసారిగా చిన్నదైపోతుంది. చీటీ కత్తిరించి పారేసిన లేసు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మ్యూజియానికి ఉత్తరం

క్రాకుఫ్‌లో 1911లో మొదలైన ఎత్నోగ్రఫీ మ్యూజియం, వార్సాలో ఎత్నోగ్రఫీ మ్యూజియం, వూచ్‌లో కేంద్ర వస్త్ర మ్యూజియం, జకొపానెలో తత్రా మ్యూజియం. ముందు ఈ నాలుగింటికి రాయండి. "మీ దగ్గర లేసు ఉందా" అని రాయకండి, ఉందని వాళ్ళకూ తెలుసు. ఆన్‌లైన్ కేటలాగులో ఒక వస్తువు ఎంచుకుని, దాని ఇన్వెంటరీ నంబరు వేసి, అది ఏ సంవత్సరం ఎవరి ద్వారా ఏ ఊరినుంచి వచ్చింది, వెనక వైపు ఫొటో ఉందా అని అడగండి. వెనక వైపు చాలా అవసరం, దారపు ముడులూ అతుకులూ అక్కడే తెలుస్తాయి.

ఉత్తరం మొదట్లో "షనొవ్ని పాన్‌స్త్వొ" అని పెట్టండి, మన "ఆర్యా" లాంటిది. ఒక్క మనిషికి రాసేటప్పుడు మగవాళ్ళను పాన్ అనీ, ఆడవాళ్ళను పానీ అనీ సంబోధించాలి. హిందీ పానీ గుర్తొచ్చి నవ్వొస్తుంది గానీ, "గారు" పెట్టకుండా పెద్దవాళ్ళను పిలిస్తే మన దగ్గర ఎలా ఉంటుందో అక్కడా అంతే. ఫొటో అచ్చు వేసుకోవాలంటే అనుమతి వేరే అడగాలి. చూడ్డానికి ఇచ్చారు కదా అని వాడేయకండి.

ఊరికి వెళ్తే

బొబోవా క్రాకుఫ్‌కు ఆగ్నేయంగా సుమారు వంద కిలోమీటర్లు. రైల్లో అయితే తర్నుఫ్ మీదుగా వెళ్ళాలి, బండ్ల టైములు ముందే చూసుకోండి. ఊరి సాంస్కృతిక కేంద్రంలో లేసు గ్యాలరీ ఉంది. 2000 నుంచి అంతర్జాతీయ బాబిన్ లేసు ఉత్సవం జరుపుతున్నారు, ఇతర దేశాల నుంచి కూడా అల్లేవాళ్ళు వస్తారు. ఉత్సవానికే వెళ్తే ఒక లాభం, ఒక నష్టం. పక్కపక్కన పెట్టి పోల్చుకోడానికి బోలెడు లేసు దొరుకుతుంది. ఎవరితోనూ తీరిగ్గా మాట్లాడటం కుదరదు. ఇంటర్వ్యూలకు మామూలు రోజుల్లో మళ్ళీ వెళ్ళండి.

అల్లే ఆవిడ ఎదురుగా కూర్చున్నాక "సంప్రదాయం అంటే మీకేమిటి" లాంటి ప్రశ్నలు వద్దు. మా పెద్దమ్మను ఒకసారి ఎవరో అమ్మాయి అలా అడిగితే "కాఫీ తాగుతావా" అంది. లేసు మీద వేలు పెట్టి అడగండి: దీన్నేమంటారు? ఇది ఎవరు నేర్పారు, అమ్మా, బడా, సంఘమా? ఈ కాగితం నమూనా ఎవరు గీశారు? దారం నారదా, పత్తిదా, ఎక్కడ కొంటారు? మీటరుకు ఎన్ని గంటలు పడుతుంది, ఎంతకు పోతుంది? డబ్బు ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి, నరసాపురంలోనైనా బొబోవాలోనైనా వాళ్ళు దాని గురించే ముందు మాట్లాడాలనుకుంటారు. ఆవిడ టైము తీసుకుంటున్నారు కాబట్టి ఆ గంటల ఖరీదుకు సరిపడా ఒక లేసు కొనండి, బేరమాడకండి.

వీడియో తీయాలంటే ముందే అడగండి. ఒప్పుకుంటే ఎదుటినుంచి కాకుండా ఆవిడ భుజం మీదుగా తీయండి, లేకపోతే కుడి ఎడమలు తారుమారై ఇంటికొచ్చాక ఏ దారం ఏది దాటిందో అర్థం కాదు. మొదట ఆవిడ మామూలు వేగంతో చేయనివ్వండి, పుల్లలు ఒకదానికొకటి తగిలే చప్పుడు కూడా రికార్డు చేయండి. తర్వాత ఒకే ఒక్క మలుపు, సూది గుచ్చడం దాకా, నెమ్మదిగా రెండుసార్లు చేయమనండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, ఆవిడ ఆ అల్లికకు చెప్పిన మాట పెట్టండి. ఆవిడ పేరు మాత్రం ఆవిడ సరేనంటేనే.